కనుబొమ్మ మీద గాటున్న బల్లి

గోదావరిఖని,
11 జూన్ 1973.

బావకు,

పోశం రాసేది. ఇక్కడ ఇంట్లో అందరం తిని తిరుగుతున్నాము. క్షేమమా కాదా అన్నది ఈ ఉత్తరం చివరిదాకా చదివి నువ్వే తేల్చాలి.

ఇది అక్కకు చదివి వినిపించకు. చదవగానే చింపెయ్యి. జవాబు రాసేటప్పుడు ఎప్పటిలాగే కవరు మీద గట్టయ్య అని రాయి, లోపల పోశం అని రాయి. పదకొండేళ్ళుగా పోస్టుమాన్‌కు నేను గట్టయ్యనే. బొగ్గుబాయి ల్యాంపు రూములో గట్టయ్య, మస్టరు పుస్తకంలో గట్టయ్య, రేషన్ కార్డులో గట్టయ్య. పోశం అనేవాడు నీ ఉత్తరాల లోపల తప్ప ఇంకెక్కడా లేడు.

సంగతి చెప్తాను. బస్టాండు పక్కన నజీర్ అని ఒకతను పుస్తకాలు అద్దెకిస్తాడు, అమ్ముతాడు. డిటెక్టివ్ నవలలు బల్ల మీద పేర్చి, పిల్లల బొమ్మల పుస్తకాలు తాడుకు వేలాడేస్తాడు. మొన్న సెకండ్ షిఫ్టుకు ఇంకా టైముందని అక్కడ నిలబడి ఒకటి తీశాను. ‘రాకాసి బల్లుల దీవి’ అని పేరు. హైదరాబాదులో అచ్చవుతుందట, నెలకొక భాగం. ఇది రెండోది. బొమ్మలు గీసినవాడి పేరు ఎక్కడా లేదు. లక్షల ఏళ్ళ కిందటే చచ్చిపోయాయని బళ్ళో పంతుళ్ళు చెప్పే రాకాసి బల్లులు ఆ దీవిలో ఇంకా బతికే ఉన్నాయి. తాటిచెట్టంత మెడలు, ఇంటికప్పంత వీపులు. భలే ఉందే అని నవ్వుకుంటూ పేజీ తిప్పాను. నాలుగో పేజీకి నవ్వు ఆగిపోయింది.

ఆ దీవిలో కొండ కింద ఒక గుహ ఉంది. పొద్దున్నే బల్లులన్నీ వరుసకట్టి లోపలికి పోయి నల్లరాళ్ళు మోసుకొస్తాయి. గుహ నోటి దగ్గర ఒక ముసలి బల్లి కూర్చుని, పోయేవాటిని వచ్చేవాటిని లెక్కపెడుతుంది. ఒక కుర్ర బల్లి మొదటిరోజే లోపలి చీకటికి జడిసి, బయటికొచ్చి, సముద్రంలో పడి ఈదుకుంటూ పారిపోతుంది. లెక్కలో ఒకటి తక్కువ పడుతుంది. అప్పుడు ఎక్కణ్ణుంచో ఆకలితో వచ్చిన ఇంకో బల్లి ఆ ఖాళీలో నిలబడుతుంది. ముసలి బల్లి మళ్ళీ లెక్కపెట్టి, సరిపోయిందని తల ఊపుతుంది.

ఇది ఎవరి కథ బావా? నీకు తెలియనిది కాదు. అయినా రాస్తాను, మర్చిపోయానని నువ్వు తప్పించుకోకుండా. అరవై రెండులో బాయి పనికి పిలుపు వచ్చింది మన ఊరి గట్టయ్యకు. మెడికల్ పాసయింది వాడు. ఒక్క షిఫ్టు దిగి, పైకొచ్చి, చచ్చినా మళ్ళీ దిగనని హైదరాబాదు పారిపోయింది వాడు. ‘కాయిదం ఊకెనె పోతది, నువ్వే గట్టయ్యవై దిగు’ అని నన్ను తెచ్చి వరుసలో నిలబెట్టింది నువ్వు. మారుపేరుతో పనిచేసేది నేనొక్కణ్ణే కాదు, బాయిల మీద అందరికీ తెలుసు, ఎవరూ అనరు. కానీ దాన్ని బొమ్మలేసి తాడుకు వేలాడదీయడం నేనెక్కడా వినలేదు.

పోయిన వారమే పక్క బాయిలో ఇద్దరిని మారుపేర్ల ఎంక్వయిరీకి పిలిచారు. ఇద్దరూ మళ్ళీ డ్యూటీలో కనబడలేదు. సూటిగా అడుగుతున్నాను. నువ్వు ఎవరి దగ్గరైనా నోరు జారావా?

లస్మవ్వ బాగానే ఉంది. క్వార్టర్ ఇచ్చేటప్పుడు తల్లిని చూపించమన్నారని, గట్టయ్య తల్లిని ఒక్కరోజు కోసం ఊరి నుంచి తెచ్చాం కదా. ఆ ఒక్కరోజుకు ఏడేళ్ళు నిండాయి. కాలనీ అంతా ఆమెను నా తల్లనే అనుకుంటుంది. ఇంట్లో కట్టుకున్న సారవ్వ మాట కంటే ఆమె మాటే చెల్లుతుంది. కండ్లు సరిగ్గా ఆనడం లేదని అంటోంది.

పోశం

*

కొత్తగూడెం,
25 జూన్ 1973.

చిరంజీవి పోశంకు,

నీ లేఖ అందినది. సంగతులు విదితమైనవి. మీ అక్క ఏం రాశాడని అడిగితే వానలు పడుతున్నాయని రాశాడన్నాను.

పద్దెనిమిదేళ్ళుగా ఆఫీసులో ఫైళ్ళు మోస్తున్నవాణ్ణి. పిల్లల బొమ్మల పుస్తకం మీద ఎంక్వయిరీ పెట్టిన ఆఫీసరును నేనింతవరకు చూడలేదు. నీకు షిఫ్టుల వల్ల నిద్ర చాలడం లేదనిపిస్తోంది. లోకంలో గుహలు లేవా? చీకటికి జడిసేవాళ్ళు లేరా? ఎవడో కడుపు కోసం ఏదో గీసుకున్నాడు. దానికీ నీకూ పోలిక వెతకడం, దారిన పోయే బల్లిని పిలిచి మెడలో వేసుకోవడం వంటిది.

మారుపేర్ల ఎంక్వయిరీ ఎప్పుడూ ఉండేదే. ఎవరో గిట్టనివాళ్ళు అర్జీ పెడితే పిలుస్తారు. నీ మీద అర్జీ పెట్టేంత పగ ఎవరికుంది? నోరు మూసుకుని డ్యూటీ చేసుకో. లెక్కపెట్టేవాడికి లెక్క సరిపోతే చాలు.

ఒక్క మాట మాత్రం పెద్దవాణ్ణి చెబుతున్నాను, విను. ఆ పుస్తకాలు ఇంటికి తేవద్దు. ముఖ్యంగా లస్మవ్వ కంట పడనీయవద్దు.

మీ అక్క నీకు పచ్చడి పంపిస్తానంటోంది. ఎవరైనా ఇటు వస్తే చెప్పు.

ఇట్లు,
నర్సింగం

*

గోదావరిఖని,
9 ఆగస్టు 1973.

బావా,

నీ లేఖ అందినది, సంగతులు విదితమైనవి. నీలాగా రాయడం నాకూ వచ్చు.

ముందు ఇది చెప్పు. ఆ పుస్తకం లస్మవ్వ కంట పడనీయవద్దని ఎందుకు రాశావు? ఆమెకు అక్షరం ముక్క రాదు. పుస్తకం సంగతిలో నేను ఆమె పేరే ఎత్తలేదు. నీకెందుకు గుర్తొచ్చింది? నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. మిగతాదంతా నవ్వులాట, ఆ ఒక్క వాక్యం దగ్గర నువ్వు నవ్వలేదు.

ఇక అసలు సంగతి. ఆగస్టు భాగం వచ్చింది. గుహ నోటి దగ్గరి ముసలి బల్లికి అనుమానం పుడుతుంది. పారిపోయిన బల్లికి కుడి కన్ను మీద గాటుండాలి, నీకేదీ అని అడుగుతుంది. ఆకలిబల్లి కొండ చాటుకు పోయి, తన నుదురు తానే రాతికేసి కొట్టుకుంటుంది. నెత్తురు కారుతూ వచ్చి వరుసలో నిలబడుతుంది. ముసలి బల్లి తల ఊపుతుంది.

చదువుతుంటే నా చెయ్యి దానంతటదే నా కనుబొమ్మ మీదికి పోయింది.

కంపెనీ పుస్తకంలో గట్టయ్య గుర్తు: కుడి కనుబొమ్మ మీద గాటు. నాకు లేదు. నీ ఇంటి వెనక నా తల నీ మోకాళ్ళ మధ్య పెట్టుకుని, నీ గడ్డం కత్తితో గీసింది నువ్వు. గట్టయ్య ఊరు వదిలి అప్పటికి వారం దాటింది, వాడికి తెలిసే దారి లేదు. సారవ్వకు కూడా బాయిలో బొగ్గు పెళ్ళ తగిలిందనే చెప్పాను. తెలిసింది మనిద్దరికే. నేను ఎవరితోనూ అనలేదు. మిగిలింది ఎవరో నువ్వే చెప్పు.

నజీర్ పుస్తకం చేతికిస్తూ నా మొహం చూశాడు. కుడివైపే చూశాడనిపించింది. ఎన్ని వచ్చాయని అడిగితే ఐదు అన్నాడు. ఐదూ కొన్నాను. ఇంత వయసొచ్చి ఒకే పుస్తకం ఐదు ఎందుకని అతను అడగలేదు, అడగకపోవడమే నాకు ఇంకా అనుమానం. ఇంటికొచ్చి, ఎవరూ చూడకుండా పొయ్యిలో పెట్టాను. ఇక మీద వచ్చే ప్రతి భాగానికీ అదే గతి.

బాయిలో టోపీ కనుబొమ్మల దాకా లాక్కుని తిరుగుతున్నాను. మొన్న మా పని చూసే సర్దార్ ‘ఏంది గట్టన్నా, సలివెడుతుందా’ అన్నాడు. అందరూ నవ్వారు. ఆ నవ్వులో ఎవరు ఎంత తెలిసి నవ్వారో నాకు తెలియదు. పదకొండేళ్ళు కలిసి బొగ్గు నింపిన మనుషులు బావా. ఇవాళ ఒక్కొక్కడి మొహం చూస్తే అర్జీ రాసే మొహంలాగే ఉంది.

పోశం

*

కొత్తగూడెం,
22 ఆగస్టు 1973.

పోశం,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు జవాబు రాయకూడదనే అనుకున్నాను. నీకు కూడు దొరికే దారి చూపించినవాణ్ణి. ఆ రోజు నీ కనుబొమ్మ గీసిన చేతులు నావే. నీకు శిక్ష పడితే నాకు తప్పుతుందా? నా మీద నేనే చాడీలు చెప్పుకుంటానా?

ఖమ్మం జిల్లాలో గానీ, కరీంనగర్ జిల్లాలో గానీ, ఆ గాటు సంగతి ఒక్క ప్రాణికి నేను చెప్పలేదు. మీ అక్క మీద ఒట్టు. ఇంతకంటే నీకేం కావాలి?

లస్మవ్వ సంగతి ఎందుకు రాశానంటే, ముసలిమనిషి బెదురుతుందని రాశాను. అంతే. దానికి ఇన్ని వంకర అర్థాలు తీసే బుర్ర నీకు ఎప్పటినుంచి వచ్చిందో తెలియదు.

పుస్తకాలు కాల్చడం మంచిదే. కాల్చు. ఇక ఈ సంగతి నాకు రాయకు.

నర్సింగం

*

గోదావరిఖని,
4 నవంబర్ 1973.

బావా,

రాయకు అన్నావు. రాయకుండా ఉండలేని రోజు వచ్చింది.

నాకు కాగితం వచ్చింది. డిసెంబర్ పదిహేడున ఎంక్వయిరీ. ‘తల్లి లస్మవ్వను వెంట తీసుకుని హాజరు కావలెను.’ నువ్వు నమ్మవేమోనని ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

ఇంకొకటి విను. ఇంట్లో దొంగ ఎవరో నాకు తెలిసింది. నెల మొదటివారం రాగానే లస్మవ్వ తమలపాకులకని బస్టాండు దాకా నడుస్తుంది. తమలపాకులు మా లైను చివరే దొరుకుతాయి. మొన్న డ్యూటీ దిగి వస్తుంటే కనబడింది. వెనకాలే పోయి కల్లు కాంపౌండు గోడ పక్కన నిలబడ్డాను. తిన్నగా నజీర్ దుకాణానికే పోయింది. అతను అలవాటున్నట్టే స్టూలు జరిపి కూర్చోబెట్టాడు.

‘గీ నెల గూడ రాలేదా నజీర్ బిడ్డా’ అంది.

‘వస్తున్నయ్ అవ్వా. ఒకాయన ఐదుకు ఐదు కొనుక్కపోతుండు.’

‘ఎవలాయన?’

నజీర్ కాసేపు పుస్తకాలు సర్దాడు. ‘నాకేం ఎర్క అవ్వా’ అన్నాడు. అతనికి తెలియకపోవడమేమిటి, నా చేతికే కదా ఇచ్చింది. లస్మవ్వ తడుముకుంటూ లేచి వచ్చేసింది. ఇంటికొచ్చి, ఆకులు దొరకలేదు అంది నాతో.

చదువురాని మనిషికి పుస్తకంతో పనేమిటి? నాకు తోచింది ఇది. ఈ ఇంట్లో సంగతులు ఆమె నజీర్‌కు చెబుతోంది, నజీర్ హైదరాబాదుకు అందిస్తున్నాడు. అచ్చయి వచ్చిందో లేదో చూసుకోవడానికి పోతోంది. ఆ గాటు సంగతి కూడా ఎట్లాగో పసిగట్టి ఉంటుంది.

సెప్టెంబర్ నుంచి వచ్చినవాటిని కాల్చేముందు చదివాను. సెప్టెంబరులో పారిపోయిన బల్లి వేరే ఒడ్డుకు చేరి, బండల మీద బొమ్మలు గీసుకుంటూ బతుకుతుంది. అక్టోబరులో దానికి ఒక పిల్ల పుడుతుంది. నాలుగు పేజీలు దానికే సరిపోయాయి. పిల్లకు నీళ్ళు పోయడం, పిల్ల తోక జానెడు ఉండటం, పిల్ల పడి లేవడం. కథ ఏమీ లేదు, ఎందుకు గీశాడో అర్థం కాలేదు. ఈ నెల అది తెప్ప కడుతోంది. దీవికి తిరిగి వస్తోంది బావా. గట్టయ్యే గీస్తున్నాడు. తన పేరు, తన నౌకరి, తన తల్లి, మూడూ తనకు కావాలని వస్తున్నాడు. ఆ తల్లి వాడి పక్షాన నా ఇంట్లోనే కూర్చుని ఉంది.

కండ్లు కనబడటం లేదని నెల నుంచి ఒకటే గోల. కుండలో పోయాల్సిన నీళ్ళు కింద పోస్తుంది. దవాఖానలో చూపిస్తే నీటికాసులు, పోయిన చూపు తిరిగి రాదన్నారు. నిజమే కావచ్చు. లేదా ఎంక్వయిరీలో ‘నాకు కనబడుత లేదు, వీడెవడో నేను చెప్పలేను’ అనడానికి ఇప్పటినుంచే కట్టిన వేషమైనా కావచ్చు. ఇట్లా అనుకోవడం పాపమని తెలుసు. అయినా అనుకుంటున్నాను. రాత్రింబవళ్ళు అదే అనుకుంటున్నాను.

నువ్వు వచ్చి ఆమెను కొత్తగూడెం తీసుకుపో. జబ్బు చేసిందని కాగితం పెడతాను. ఆ తారీఖు దాటేదాకా ఆమె నా కంటి ముందు ఉండటానికి వీల్లేదు.

పోశం

*

(కార్డు)

కొత్తగూడెం, 10 నవంబర్ 1973.

గట్టయ్యకు ఆశీస్సులు. ఉత్తరం చేరింది. పెద్దామెను ఎక్కడికీ కదిలించవద్దు. ఆమెను ఏమీ అనవద్దు. నేను సెలవు పెట్టి హైదరాబాదు పోతున్నాను. వచ్చి వివరంగా రాస్తాను. మిగతా కార్డు మీద రాసేది కాదు. నర్సింగం.

*

కొత్తగూడెం,
13 డిసెంబర్ 1973.

పోశం,

ఈసారి ఆఫీసు భాష పక్కన పెడుతున్నాను. నీకు ఒక తప్పు ఒప్పుకోవాలి, దానికి ఆ భాష పనికిరాదు.

ఖమ్మం జిల్లాలో, కరీంనగర్ జిల్లాలో ఎవరికీ చెప్పలేదని ఒట్టు పెట్టాను. అది అబద్ధం కాదు. హైదరాబాదులో ఒకడికి చెప్పాను.

అరవై ఎనిమిదిలో గట్టయ్య నాకు ఉత్తరం రాశాడు. దుకాణాల మీద బోర్డులు రాసుకుని బతుకుతున్నానని, తల్లిని చూడాలని ఉందని, ఒకసారి వచ్చిపోతానని. వాడు గోదావరిఖనిలో బస్సు దిగితే, గట్టయ్య ఇంటికి ఇంకో గట్టయ్య వచ్చాడంటే, నువ్వేమవుతావు, నేనేమవుతాను? జవాబు రాశాను. నీ తల్లి పోశం దగ్గర సుఖంగా ఉంది, నువ్వు రావద్దు, ఉత్తరం కూడా రాయొద్దు, నీ పేరుతో ఉత్తరం వస్తే పోస్టుమానే మొదటి సాక్షి అవుతాడు అని రాశాను. నీ గుర్తు కోసం పోశం కనుబొమ్మ కోయించుకున్నాడు, వాడి బతుకు చెడగొట్టకు అని కూడా రాశాను. వాడు మళ్ళీ రాయలేదు. నేను నీకు చెప్పలేదు. నీ మొదటి ఉత్తరం చదివినప్పుడే ఆ బొమ్మలు ఎవరివో నాకు అర్థమైంది. నవ్వులాటగా జవాబు రాసింది భయంతోనే.

మీ నజీర్ దగ్గరి పుస్తకం వెనకే ప్రెస్సు పేరు ఉంటుంది కదా, ఇక్కడ ఒకటి దొరికితే దాన్ని పట్టుకుని పోయాను. ప్రెస్సువాళ్ళు ఇల్లు చూపించారు. ఒకటే గది. గట్టయ్య సన్నబడ్డాడు. నన్ను చూసి కోప్పడతాడేమో అనుకున్నాను, చాయ్ తెప్పించాడు. నేను చెప్పిన మాట ఎందుకు దాటావని అడిగాను.

వాడన్నాడు: ‘మా అవ్వకు అక్షరాలు రావు బావా. నువ్వు ఉత్తరం రాయొద్దన్నవు, రాయలే. బొమ్మలు గియ్యొద్దని నువ్వు అనలే.’

ఆ పుస్తకం మొత్తం ఒక ఉత్తరం పోశం. నీకు కాదు, ఎంక్వయిరీ ఆఫీసరుకు కాదు. గోదావరిఖని బస్టాండులో దుకాణముంటే అక్కడికి తప్పకుండా పంపండని ప్రెస్సువాళ్ళను బతిమాలాడట. అవ్వ చూస్తుందో చూడదో తెలియకుండానే నెలనెలా గీశాడు. నౌకరి మాట ఎత్తితే తల అడ్డంగా ఊపాడు. ఆ చీకట్లోకి మళ్ళీ దిగేది లేదన్నాడు, తను దిగలేని చోట నువ్వు పదకొండేళ్ళు దిగావన్నాడు.

వాడికి పెళ్ళయింది. రెండేళ్ళ ఆడపిల్ల ఉంది. పేరు లస్మి. నాలుగు పేజీలు ఎందుకు గీశాడో అర్థం కాలేదని రాశావే, అది ఈ పిల్ల. మనవరాలు పుట్టిందని తల్లికి చెప్పుకున్నాడు.

‘అవ్వ చూస్తుందా’ అని నన్ను అడిగాడు. నువ్వు కాలుస్తున్నావని చెప్పడానికి నాకు నోరు రాలేదు. కాల్చు అని రాసింది నేనే కదా. చూస్తుంది అన్నాను.

ఆఖరి భాగం ఇంకా దుకాణాలకు పోలేదు. ఒకటి అడిగి తెచ్చాను, దీనితో పాటు పంపిస్తున్నాను. చివరి పేజీలో ఒక చోట మాటలు లేవు, ఖాళీ. ప్రెస్సువాళ్ళు కోప్పడినా వాడు రాయలేదట. ఏం రాయాలో నాకు తెలియదు బావా అన్నాడు.

పదిహేడున ఏమవుతుందో. ఆమె నోటి నుంచి ఏం వచ్చినా ఆమెను నిందించకు. నిందించాలనుకుంటే నేనున్నాను.

నర్సింగం

*

గోదావరిఖని,
23 డిసెంబర్ 1973.

బావకు, అక్కకు,

ఈ ఉత్తరం అక్కకు కూడా చదివి వినిపించు.

నీ కవరు పదిహేడో తారీఖు సాయంత్రం చేరింది. అంటే ఎంక్వయిరీకి పోయేటప్పుడు నాకు ఇవేవీ తెలియవు. లస్మవ్వ చెయ్యి పట్టుకుని నడిపించుకుంటూ పోయాను.

ఆఫీసరు మంచివాడే. కుర్చీ వేయించాడు. కంపెనీ పుస్తకం చూసి, నా కనుబొమ్మ చూసి, ‘పెద్దమ్మా, ఈయనెవరు’ అని అడిగాడు. ఆమెకు ఇప్పుడు వెలుతురు తప్ప మనిషి కనబడడు. చెయ్యి చాచింది. నేను తల వంచాను. జుట్టు, నుదురు తడిమి, వేలు తెచ్చి ఆ గాటు మీద ఆపింది.

‘నా కొడుకు’ అంది.

ఆయన రాసుకున్నాడు. నీకు కొడుకులు ఎంతమంది అని అడిగాడు. ‘ఒక్కడు దూరం పోయిండు, ఒక్కడు దగ్గరున్నడు’ అంది. దూరం పోవడమంటే చనిపోయాడనుకున్నాడేమో, అయ్యో అని, ఇంకేమీ అడగకుండా పుస్తకం మూశాడు. పొమ్మన్నాడు. రెండు నెలలుగా ఆ నోటి గురించి నేను ఏమేమి అనుకున్నానో నీకు రాశాను కదా. ఆ ఉత్తరం నీ దగ్గర ఇంకా ఉంటే ముందు దాన్ని తగలబెట్టు.

ఇంటికొచ్చేసరికి నీ కవరు గడపలో ఉంది. చదివాను. లోపలికి పోయి ఆమె ముందు కూర్చున్నాను.

‘అవ్వా, ఆ పుస్తకాలు కాలవెట్టింది నేనే’ అన్నాను.

‘ఎర్కనే’ అంది. ‘పొయ్యిల బూడిద ఎత్తేది నేనే గద బిడ్డా. కట్టెల బూడిద వేరె, రంగు కాయిదం బూడిద వేరె.’

‘మరి ఎందుకడగలే?’

‘భయపడ్డోన్ని ఏమడుగుతం.’

బావా, ఆ మాటకు నేను ఏడ్చాను. సారవ్వ వంటింట్లోంచి వచ్చి చూసి, ఏమీ అర్థంకాక అక్కడే నిలబడింది. తర్వాత ఆమెకు కూడా అంతా చెప్పాను. పెళ్ళయిన ఎనిమిదేళ్ళకు నా అసలు పేరు మొదటిసారి విన్నది. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. తప్పు లేదు.

ఎండాకాలంలో మొదటి పుస్తకం నజీర్ తాడు మీద వేలాడుతుంటే చూసిందట లస్మవ్వ. ఊళ్ళో తన ఇంటి గోడల మీద గట్టయ్య బొగ్గుతో ఎడ్లను గీసేవాడట. మెడ కింద గంగడోలు ముడతలు వాడు గీసినట్టు ఎవరూ గీయరట. బల్లి మెడ కింద ఆ ముడతలే చూసి, కొడుకు బతికున్నాడని తెలుసుకుంది. ఎవరితోనూ అనలేదు. అంటే నేను భయపడతానని అనలేదట. నజీర్‌కు కూడా ఏమీ తెలియదు. బొమ్మలంటే ఇష్టపడే ముసలమ్మని పేజీలు తిప్పి చూపించేవాడు, అంతే. మూడు నెలలు అట్లా చూసింది. తర్వాత నాలుగు నెలలు వచ్చి స్టూలు మీద కూర్చుని తిరిగిపోయింది. ఆ నాలుగు నెలల్లోనే చూపు పోయింది.

కాలిపోయినవి గుర్తున్నంత వరకు చెప్పాను. బండల మీద బొమ్మలు గీసుకోవడం చెప్పాను. పిల్ల సంగతి చెప్పాను, పేరు లస్మి అని చెప్పాను. మళ్ళీ చెప్పమంది. మూడుసార్లు చెప్పించుకుంది. జానెడు తోక అన్నానని, ఆమె చేతి మీద నా జానతో కొలిచి చూపించాను. ఆగస్టులో కాల్చకుండా ఉంటే, అక్టోబరులో కాల్చకుండా ఉంటే, ఆ పిల్లను ఆమె తన కండ్లతో చూసేది. నేను పొయ్యిలో పెట్టింది కాగితాలు కాదు బావా. ఇది నేను ఎట్లా దిద్దుకోవాలో నాకు తెలియడం లేదు.

చివరికి నువ్వు పంపింది తీశాను. ఆఖరి పేజీ అంతా ఒకటే బొమ్మ. తెప్ప ఒడ్డుకు చేరింది. పారిపోయిన బల్లి దిగి నిలబడింది, వీపు మీద పిల్ల. ఎదురుగా గుహ నుంచి వచ్చిన బల్లి నిలబడింది, ఒళ్ళంతా నల్ల దుమ్ము. రెండింటికీ కుడి కన్ను మీద గాటుంది. మధ్యలో ముసలి తల్లి. తల్లి నోటి ముందు మాట రాసే గుండ్రటి గీత ఉంది, లోపల ఖాళీ. అంతా ఆమెకు వివరంగా చెప్పాను.

‘తల్లి ఏమన్నది?’ అని అడిగింది.

‘ఏం రాయలేదవ్వా. నువ్వే చెప్పాలట.’

వేళ్ళతో ఆ పేజీ మీద తడుముతూ కూర్చుంది. తర్వాత నా వైపు మొహం తిప్పి అంది:

‘నువ్వు తిన్నవు గద. వాన్ని గూడ తిననీకె రమ్మను.’

ఆ మాట పెన్సిల్‌తో ఆ ఖాళీలో రాశాను. నా రాత పెద్దది, ఆఖరి అక్షరాలు గీత దాటి బయటికొచ్చాయి. ఆ పేజీ చింపి ఇందులో పెట్టాను. గట్టయ్యకు అందించు.

పోశం